నడుము డిస్క్ మీద 14,700 రూపాయలు: ఏది పనికొచ్చింది, ఏది దండగ

నమస్తే అండీ, గుంటూరు నుంచి మాట్లాడుతున్నాను. మన ఛానెల్లో మామూలుగా కుట్టు మిషన్లు, మోటార్లు, కత్తెర్లు రివ్యూ చేస్తాను కదా, ఈసారి నా నడుము రివ్యూ. నవ్వకండి. రెండు నెలలుగా వీడియోలు ఎందుకు రావట్లేదని అడుగుతున్నారు, కారణం ఇదే. ఎల్5-ఎస్1 అంటే వెన్నులో నడుము అట్టడుగు జాయింటు, అక్కడ ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ పక్కకి జారి ఎడమకాలి నరాన్ని నొక్కుతోంది. దాని మీద ఇప్పటిదాకా 14,700 ఖర్చయింది. బిల్లులన్నీ బాబిన్ల డబ్బాలో, అదే మిషన్ కింది దారం చుట్టే చిన్న చక్రాల డబ్బాలో దాచాను, ఇవిగో, ఒక్కొక్కటే తీసి చెప్తాను.

ముందు ఎలా మొదలైందో చెప్తాను. శ్రావణమాసం ముందు, చేతినిండా బ్లౌజులున్న టైమ్. లైనింగ్ గుడ్డ తాను కింద నుంచి ఎత్తుదామని వంగాను, నడుము కలుక్కుమంది. పట్టేసిందిలే అనుకుని నూనె రాసుకుని పడుకున్నాను. పొద్దున లేచేసరికి పిర్ర దగ్గర మొదలై పిక్క మీదుగా చిటికెన వేలిదాకా కరెంటు తీగ లాగినట్టు నొప్పి. తుమ్ము వస్తే గోడ పట్టుకోవాల్సిందే. మంచం మీద నుంచి లేవడానికి పక్కకి దొర్లి, మోచెయ్యి ఆనించి, కాళ్లు కిందికి వదిలి, అప్పుడు లేవాలని నాకు తెలియదు, తిన్నగా లేవబోయి రోజూ ఏడ్చేదాన్ని.

మొదటి బిల్లు, బెల్టు, 750. మందుల షాపులో వాళ్లే సైజు చూసి ఇచ్చారు. మొదటి వారం దేవుడిలా అనిపించింది, పొద్దున కట్టుకుంటే రాత్రి పడుకునేటప్పుడే విప్పేదాన్ని. తర్వాత ఫిజియో అమ్మాయి తిట్టింది, రోజంతా బెల్టు మీద ఆనుకుంటే నడుము కండరాలు సోమరిపోతులు అవుతాయక్కా అని. ఇప్పుడు కటింగ్ ఉన్న గంట మాత్రమే కడతాను. ఇంకో సంగతి, టైలర్లు వినండి, దీని వెల్‌క్రో చూశారా, దారపు ముక్కలు, పీచు అంతా పట్టేసి ఎలా ఉందో. ఒక కస్టమర్ పట్టు బ్లౌజుకి తగిలి పోగు లేచింది. ఆ బ్లౌజు డబ్బులు నేనే కట్టుకున్నాను. అది ఈ 14,700లో వెయ్యలేదు.

వేడి నీళ్ల బ్యాగు 250. జబ్బుకేం చెయ్యదు, కానీ రాత్రి పెట్టుకుంటే పది నిమిషాల్లో కండరాలు వదులై నిద్ర పడుతుంది. కొనండి. మధ్యలో కన్నం ఉన్న కుషన్, 1,100, పూర్తిగా దండగ. మా పిల్లి పడుకుంటోంది దాని మీద.

పరుపు కొనలేదు. షాపతను 28,000 ఆర్థోపెడిక్ పరుపు అని చూపించాడు, ఇంకోపక్క మా అత్తయ్యేమో నేల మీద చాప వేసుకుని పడుకో, మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా అంది. నేల మీద పడుకోవడం సంగతి సరే, లేవాలంటే ఎవరు లేపుతారు? మా చెల్లి కొడుకు ఫార్మ్-డి, అంటే మందుల చదువు, చదువుతున్నాడు, వాడు చదివి చెప్పాడు, 2003లో స్పెయిన్‌లో నడుము నొప్పి ఉన్నవాళ్ల మీదే చూస్తే బాగా గట్టి పరుపు కన్నా మధ్యస్థంగా ఉన్న పరుపు మీద పడుకున్నవాళ్లకే ఎక్కువ సుఖంగా ఉందట. మా పాత పరుపే చాలనుకున్నాను.

ఎమ్మారై, 6,000. ఇది చెప్పేటప్పుడు నామీద నాకే కోపం వస్తుంది, ఎందుకంటే డాక్టర్ గారు రాయలేదు, నేనే టెన్షన్ పడి నాలుగో రోజున వెళ్లి తీయించుకున్నాను. రిపోర్టులో రెండు చోట్ల బల్జ్, అంటే డిస్క్ ఉబ్బడం, ఒక చోట ప్రొట్రూజన్, అంటే ఒక పక్కకి పొడుచుకు రావడం అని ఉంది, ఇక నా పని అయిపోయిందని మా ఆయనతో కూడా సరిగ్గా మాట్లాడలేదు ఆ రాత్రి. డాక్టర్ గారు చూసి, అమ్మా, ఏ నొప్పీ లేని 20 ఏళ్ల వాళ్లకి తీసినా 30 శాతం మందిలో బల్జ్ కనిపిస్తుంది, 80 ఏళ్ల వాళ్లలో అయితే 84 శాతం మందిలో ఉంటుంది, ఫిల్ముకి కాదు, నీ కాలికి వైద్యం చేస్తాను అన్నారు. మునివేళ్ల మీద నడిపించారు, మడమల మీద నడిపించారు, సుత్తితో మడమ వెనక కొట్టి చూశారు. పాదంలో బలం బాగానే ఉంది కాబట్టి, ఆరు వారాలు ఆగి తగ్గకపోతేనో, ఆపరేషన్ అనుకుంటేనో అప్పుడు తీయిద్దామనేవాణ్ణి అన్నారు. ఆయన ఫీజు మూడుసార్లకి 1,500. ఆ 6,000 కన్నా ఈ 1,500 ఎక్కువ పనిచేసింది.

ఇక్కడ ఒక్క మాట మాత్రం జోకులు లేకుండా చెప్పాలి. ఒంటికి, రెంటికి తెలియకుండా పోతున్నా, మూత్రం బిగుసుకుపోయినా, తొడల మధ్య, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, రెండు కాళ్లూ బలం తగ్గుతున్నా, పాదం పైకి లేవక వేలాడుతున్నా, ఈ వీడియో ఆపేసి అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లిపోండి. రాత్రయినా సరే. అప్పుడు గంటలు లెక్క, డబ్బులు తర్వాత.

మందులు 1,900. నొప్పి మాత్రలు వారం వేసుకునేసరికి కడుపులో మంట. నరానికి అని ప్రీగాబలిన్ ఇచ్చారు, దానితో మత్తు ఎలా ఉందంటే, ఒక రోజు బ్లౌజుకి ఎడమ చెయ్యి కుడివైపు, కుడి చెయ్యి ఎడమవైపు కుట్టేసి ఇస్త్రీ కూడా చేశాను, కస్టమర్ వేసుకుని చూశాక గానీ తెలియలేదు. 2017లో ఆస్ట్రేలియాలో సయాటికా, అంటే నాలాగే నడుము నుంచి కాల్లోకి నరం నొప్పి ఉన్నవాళ్ల మీద చేసిన పరీక్షలో ఈ మందు వేసుకున్నవాళ్లకీ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ కాలినొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదట, కళ్లు తిరగడం మాత్రం ఎక్కువట. అలాగని మీరు ఠక్కున ఆపేయకండి, ఈ మందు మెల్లగా తగ్గించుకుంటూ ఆపాలి, నేను అడిగితే డాక్టర్ గారే తగ్గించారు. డబ్బు విషయం ఏంటంటే, రెండో నెల చీటీ పట్టుకుని జన ఔషధి కేంద్రానికి వెళ్లాను, అదే మందు, పెట్టె మీద పేరు వేరు, మొదటి బిల్లులో మూడో వంతు కూడా కాలేదు. ముందే వెళ్లి ఉంటే ఈ లెక్క ఇంకా తగ్గేది.

ఇప్పుడు అసలు సరుకు, ఫిజియోథెరపీ. ఎనిమిది సిట్టింగులు, ఒక్కోటి 400, మొత్తం 3,200. మొదట వెళ్లిన చోట ఇరవై సిట్టింగుల ప్యాకేజీ, ముందే కట్టాలన్నారు, మిషన్ పెట్టడం, నడుము లాగడం, అన్నీ మనం పడుకుంటే వాళ్లు చేసేవే. వచ్చేశాను. రెండో చోట ఈ అమ్మాయి దొరికింది, మీకు నేర్పించి పంపిస్తానక్కా, నా దగ్గరికి రోజూ రావద్దు అంది, నాకు ఆ మాటే నచ్చింది. బోర్లా పడుకుని మోచేతుల మీద లేవడం, తర్వాత అరచేతుల మీద లేవడం, నడక, ఇంతే. కానీ ఆమె ఒక గుర్తు చెప్పింది, అది నాకు బంగారం. వ్యాయామం చేస్తుంటే నొప్పి పాదం నుంచి పిక్కకి, పిక్క నుంచి పిర్రకి, అలా పైకి జరుగుతుంటే, నడుములో కాస్త ఎక్కువైనా సరే, అది మంచి దారి. నొప్పి కిందికి జారుతుంటే ఆ వ్యాయామం మీకు సరిపడదు, ఆపి ఫోన్ చెయ్యండి. నాకు మూడో వారానికి చిటికెన వేలు వదిలింది. ఆరో వారానికి పిర్ర దగ్గరే ఉంది. అందరికీ ఇదే వ్యాయామం కాదండోయ్, కొందరికి వెనక్కి వంగితేనే ఎక్కువవుతుందట, చూసి చెప్పేవాళ్ల దగ్గరే నేర్చుకోండి, నన్ను చూసి కాదు.

వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కి 18,000 చెప్పారు. కొన్ని వారాలు ఉపశమనం ఉంటుంది, శాశ్వతం కాదన్నారు, నొప్పి తగ్గుతోంది కదా అని వేయించుకోలేదు.

ఆపరేషన్. ఒక చోట అడిగితే మైక్రోస్కోపులో చూస్తూ చేసే మామూలు మైక్రో పద్ధతికి 1,80,000, చిన్న రంధ్రంతో చేసే ఎండోస్కోపీకి 2,60,000 చెప్పారు. హెల్త్ పాలసీ ఉంది కదా అని ధైర్యంగా కంపెనీకి ఫోన్ చేస్తే, మీది తీసుకుని పద్నాలుగు నెలలే అయింది, వెన్నుపూస డిస్క్ జబ్బులకి ఇరవై నాలుగు నెలలు ఆగాలి, యాక్సిడెంట్ వల్ల అయితేనే ముందు ఇస్తాం అన్నారు. పాలసీ కాగితాల్లో చూశాను, నిజమే, కంటిశుక్లం, హెర్నియా, పైల్స్ వరుసలో డిస్క్ కూడా ఉంది, సంతకం పెట్టేటప్పుడు ఎవరు చదివారు? గుడ్డ తాను ఎత్తడం యాక్సిడెంట్ కాదట. కొత్తగా తీసుకునేవాళ్లు ఆ పేజీ అడిగి చదవండి. ఇప్పటికే ఎమ్మారై ఉంటే దాచకుండా రాయించండి, తర్వాత క్లెయిమ్ కొట్టేస్తే ఎవరికీ చెప్పుకోలేం. అలా ముందునుంచీ ఉన్న జబ్బుకి 2024 నుంచి ఎక్కువలో ఎక్కువ మూడేళ్లే ఆపగలరు, అంతకుముందు నాలుగేళ్లు ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నవాళ్లు, అదే మన పాత ఆరోగ్యశ్రీ, ప్రైవేటు కొటేషన్ చూసి బంగారం తాకట్టు పెట్టకముందే పథకంలో ఉన్న ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లోనో, 104కి ఫోన్ చేసో కనుక్కోండి. ఆపరేషన్‌కి అనుమతి ముందే రావాలి, చేయించుకున్నాక బిల్లు తీసుకెళ్తే కుదరదు.

ఆపరేషన్ తప్పని కాదు నేను చెప్పేది. 2007లో నెదర్లాండ్స్‌లో 283 మంది మీద చూశారు, కొందరికి వెంటనే చేశారు, కొందర్ని ఆగి చూద్దామన్నారు. ఏడాది తిరిగేసరికి రెండు వైపులా 95 శాతం మంది కోలుకున్నారు, కానీ వెంటనే చేయించుకున్నవాళ్లకి నొప్పి త్వరగా పోయింది, ఆగినవాళ్లలో 39 శాతం మంది చివరికి ఆపరేషన్‌కే వెళ్లారు. ఆగడం ఉచితం అనుకోకండి. నేను ఏడు వారాలు సగం పని మానేశాను, శ్రావణమాసం బ్లౌజులు తిప్పి పంపాను, అది తక్కువలో తక్కువ 35,000. బాబిన్ల డబ్బాలో దానికి బిల్లు లేదు. నెలజీతం, సెలవులు ఉన్నవాళ్ల లెక్క వేరు, మనలాంటి వాళ్ల లెక్క వేరు, డాక్టర్‌కి ఈ సంగతి కూడా చెప్పి అడగండి.

పైసా ఖర్చు లేనివి రెండు. ఈ కటింగ్ టేబుల్ కాళ్ల కింద చూడండి, ఒక్కోదానికి రెండేసి ఇటుకలు, పక్కింట్లో గోడ కట్టగా మిగిలినవి. ఇదివరకు తొడల దగ్గరకి ఉండేది, ఇప్పుడు బొడ్డుకి కాస్త పైకి వచ్చింది, వంగకుండా నిలబడి కత్తిరిస్తున్నాను. పదిహేనేళ్లు ఎందుకు వంగానో నాకే తెలియదు. రెండోది, బాబిన్ అయిపోయినప్పుడల్లా లేస్తున్నాను. కూర్చునే మార్చేసేదాన్ని కదా, ఇప్పుడు లేచి, గుమ్మం దాకా నడిచి, అక్కడ నిలబడి దారం చుట్టుకుని వస్తాను. చిన్న బాబిన్ పెడితే ఇంకా మంచిది. మోటార్ పెడల్ ఎక్కడ పెట్టానని అడుగుతారు, అది వచ్చే వీడియోలో కొలతలతో చూపిస్తాను, ఇదిగో, కూర్చుని ఇరవై నిమిషాలు దాటింది, పిక్క లాగుతోంది, లేస్తున్నాను.