గ్లాకోమా చుక్కల మందులు: ఏది ఎవరికి పడుతుంది?

(టేబుల్ మీద నాలుగు చిన్న సీసాలు)

నమస్తే అండీ. గ్లాకోమా అంటే మన పెద్దవాళ్లు నీటికాసులు అంటారు కదా, అదే. చాలామందిలో కంట్లో ప్రెషర్ పెరిగి, కంటి నరం మెల్లగా దెబ్బతింటుంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికే ఈ చుక్కలు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, "వేసుకుంటున్నా చూపేమీ బాగవలేదు" అని మా అమ్మ మూడు వారాలు మానేసింది.

(మొదటి సీసా చేతిలోకి)

లాటనోప్రోస్ట్. రాత్రి ఒక్క చుక్క, అంతే. కంటి లోపల ఊరే నీరు (కన్నీళ్లు కాదు) బయటికి పోయే దారిని సులువు చేసి ప్రెషర్‌ని సుమారు 25 నుంచి 33 శాతం దాకా తగ్గిస్తుంది, అందుకే డాక్టర్లు ఎక్కువగా దీనితోనే మొదలుపెడతారు. కళ్లు ఎర్రబడొచ్చు, రెప్పవెంట్రుకలు ఒత్తుగా పెరగొచ్చు, రెప్పల చర్మం నల్లబడొచ్చు. ఒక్క కంటికే వేస్తుంటే ఆ తేడా అద్దంలో బాగా తెలుస్తుంది. మూత తీయని సీసాని సాధారణంగా ఫ్రిజ్‌లో పెట్టాలి, మూత తీసిన తేదీని సీసా మీదే రాసుకోండి. ట్రావోప్రోస్ట్, బిమాటోప్రోస్ట్ కూడా ఈ కుటుంబంలోవే.

(రెండో సీసా)

టిమోలాల్. 1978లో అమెరికాలో ఆమోదం పొందిన పాత మందు, చవక, మంచిదే. ఇది కంట్లో నీరు తయారవడాన్నే తగ్గిస్తుంది. కానీ ఇక్కడ కాస్త ఆగి వినండి. కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది, కాబట్టి ఆస్తమా ఉన్నవాళ్లకి, గుండె మరీ నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకి ఇది ప్రమాదం. మా నాన్నకి ఆయాసం ఉంది, కళ్ల డాక్టర్‌కి అదెందుకులే అని మేమే చెప్పలేదు. ఈ చుక్కలు మొదలైన నాలుగో రోజు మేడ మెట్ల మధ్యలో కూర్చుండిపోయి, ఇన్‌హేలర్ కోసం చెయ్యి చాపారు. మందు మార్చారు, తేరుకున్నారు. రెండు మందులు కలిపిన సీసాల్లో చాలావాటిలో టిమోలాల్ ఉంటుంది, అట్ట మీద ఆ పేరుందేమో చూడండి.

మిగతా రెండూ త్వరగా చెప్పేస్తా. బ్రిమోనిడిన్‌తో కొందరికి ఎలర్జీ వస్తుంది, మగతగా ఉంటుంది, నోరు ఎండిపోతుంది, రెండేళ్లలోపు పిల్లలకి అసలు వేయకూడదు. డోర్జోలమైడ్ వేస్తే మంట, నోట్లో చేదు. సల్ఫా మందులు పడవంటే ముందే చెప్పండి.

(అమ్మ కంటి దగ్గరగా కెమెరా)

ఇప్పుడు వేయడం చూడండి. కింది రెప్పని కొంచెం లాగి, సీసా మూతి కంటికి తగలకుండా ఒకే చుక్క. రెండు వేస్తే రెండోది బుగ్గ మీదికే జారుతుంది. కన్ను మూసి, ముక్కు పక్కనున్న ఈ మూలని వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి, అప్పుడు మందు గొంతులోకి దిగదు. ఇంకో మందు ఉంటే ఐదు నిమిషాలు ఆగాకే వేయండి, లేకపోతే మొదటిది కొట్టుకుపోతుంది.