వీ-క్రాస్ మైలేజ్ 9.3 నుంచి 11.7కి! వైజాగ్‌లో రోజూ తిప్పే పికప్‌కి నిజంగా ఏం పని చేసింది?

నమస్తే అండి, అందరూ బాగున్నారా. నా వెనకాల ఉన్నదే మన బండి, ఇసుజు వీ-క్రాస్, 1.9 లీటర్ డీజిల్, మాన్యువల్ గేర్, ఫోర్ బై ఫోర్, 163 పీఎస్ పవర్, 360 ఎన్ఎమ్ టార్క్, మన శ్రీసిటీలో తయారైన బండి. ఇల్లు మధురవాడ, షాపు గాజువాక ఆటోనగర్, అంటే హనుమంతవాక, మద్దిలపాలెం, తాటిచెట్లపాలెం, ఎన్ఏడీ అన్నీ దాటుకుంటూ రోజూ పోనూ రానూ 55 కిలోమీటర్ల దాకా తిరుగుతుంది. మూడు నెలల క్రితం వరకు లీటరుకి 9.3 ఇచ్చేది అంతే. చూసినవాళ్ళందరూ రెండు టన్నుల బండి బాబూ, అంతకంటే ఏమొస్తుంది అన్నారు, నేనూ అదే నమ్మేశాను. ఇప్పుడు 11.7 వస్తోంది. ఇంజిన్‌లో ఏమీ మార్చలేదండి, రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం, అదీ చేయించలేదు. మరి ఏం చేశానో, ఏ డబ్బులు దండగయ్యాయో అన్నీ చెప్తాను.

ముందు మైలేజ్ కొలవడం గురించి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది తప్పులో పడుతున్నారు. మీటర్‌లో చూపించే యావరేజ్ మీద ఆధారపడకండి, ఫుల్ ట్యాంక్ కొట్టించండి, ట్రిప్ మీటర్ సున్నా చెయ్యండి, మళ్ళీ అదే బంకులో వీలైతే అదే పంపు దగ్గర నాజిల్ ఆటో కట్ అయ్యేదాకా కొట్టించి ఆపేయండి, 'రౌండ్ ఫిగర్ చేద్దాం సార్' అని ఇంకో రెండు లీటర్లు నొక్కితే మీ లెక్క పోతుంది. ఒక్క ట్యాంక్ చాలదు, కనీసం మూడు ట్యాంకులు చూడాలి.

ఇంకోటి ఏటంటే, టైర్లు మార్చిన వాళ్ళు ఇది జాగ్రత్తగా వినండి. ఈ బండికి 255/60 ఆర్18 టైర్లు వస్తాయి, నేను 265/60 ఆర్18 ఆల్ టెర్రైన్, అంటే మట్టి రోడ్లకీ పనికొచ్చే టైర్లు వేయించాను. చూడ్డానికి పెద్ద తేడా ఉండదు కానీ టైరు వ్యాసం 12 మిల్లీమీటర్లు పెరిగింది, అంటే ఒక్కో చుట్టుకి బండి కొంచెం ఎక్కువ దూరం వెళ్తుంది, ఓడోమీటర్‌కి ఆ సంగతి తెలీదు. అది 100 చూపిస్తే నేను నిజంగా 101.6 తిరిగినట్టు. అందుకే ఓడోమీటర్ కిలోమీటర్లని 1.016తో గుణించి లెక్క వేస్తున్నా. అలా అని పెద్ద టైర్లు లాభం అనుకోకండి, ఆల్ టెర్రైన్ టైరు బరువు ఎక్కువ, దొర్లడానికి కష్టం ఎక్కువ, రోజూ తారు రోడ్డు మీదే తిరిగేవాళ్ళకి దాంతో పనే లేదు. ఇవి అరిగాక నేను మళ్ళీ కంపెనీ సైజు రోడ్ టైర్లే వేయిస్తాను.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒకరోజు సాయంత్రం షాపు నుంచి ఇంటికొచ్చి బండి దిగాను, ముందు ఎడమ చక్రం దగ్గర ఏదో కాలిన వాసన, రిమ్ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. మిగతా మూడూ గోరువెచ్చగా ఉన్నాయంతే. మర్నాడు ఆటోనగర్‌లో మా మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఏ కంప్యూటరూ పెట్టలేదు, జాకీ ఎత్తి చక్రాన్ని చేత్తో ఒక్కసారి తిప్పాడు. పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. కుడివైపు చక్రం అదే ఊపుకి రెండు చుట్లు తిరిగింది. "బ్రేకు పట్టేసుందయ్యా, నువ్వు బ్రేకు తొక్కుకుంటూ బండి నడుపుతున్నావు ఇన్నాళ్ళూ" అన్నాడు. బ్రేకు ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే కాలిపర్ విప్పితే లోపల అది జారే పిన్నులు రెండూ ఎండిపోయి ఎర్రగా తుప్పు, రబ్బరు బూటు చిరిగి ఉంది. ఇది కంపెనీ తప్పు కాదండి, మనది సముద్రం పక్క ఊరు, ఉప్పు గాలి, పైగా బండి నెలకోసారైనా భీమిలి బీచ్ రోడ్డులో గంటలు గంటలు నిలబడుతుంది, నేను కింద కడిగించేవాడిని కాదు, సర్వీసులో పిన్నులకి గ్రీజు పెట్టమని అడిగేవాడినీ కాదు. పిన్నులు ఎమరీ పేపర్‌తో రుద్ది, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు పెట్టి, కొత్త బూట్లు వేసి బిగించాడు. ఆ తర్వాత షీలానగర్ దగ్గర కాలు తీసేస్తే బండి ఎంత దూరం దానంతటదే వెళ్ళిందో చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఆ ఒక్క పనికే 9.3 ఉన్నది 10.2 అయింది. వైజాగ్‌లో ఏ బండి ఉన్నా సరే, వారానికోసారి దిగాక నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, రిమ్‌కి తగలకుండా దగ్గరగా పెట్టినా వేడి తెలిసిపోతుంది.

తర్వాత గాలి. డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, ఖాళీ బండికి ఎంత, లోడ్‌కి ఎంత అని, అదే ప్రమాణం. నేను ఎప్పుడూ మధ్యాహ్నం బండి తిరిగి తిరిగి వేడెక్కాక కొట్టించేవాడిని, వేడి టైరులో మూడు నాలుగు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ చూపిస్తుంది, సరిపోయింది అనుకుని వచ్చేసేవాడిని. సొంతంగా చిన్న గాలి పంపు కొని పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూస్తే నాలుగు టైర్లూ స్టిక్కర్ కంటే 6 తక్కువ ఉన్నాయి. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజ్ 0.2 శాతం దాకా పడిపోతుంది, అంటే 6కి 1.2 శాతం, వినడానికి చిన్నదే గానీ టైరు అంచులు అరిగిపోయే ఖర్చు కూడా కలుపుకోండి. ఈ వీడియోలో నేను కొన్నవాటిలో ఖచ్చితంగా కొనండి అని చెప్పేది ఈ పంపు ఒక్కటే.

దండగ అయినవి కూడా చెప్పేస్తా. ఓబీడీ పోర్ట్‌లో, అంటే మెకానిక్ కంప్యూటర్ తగిలించే సాకెట్‌లో పెట్టే ఫ్యూయల్ సేవర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను, విప్పి చూస్తే లోపల లైట్లు వెలిగించే చిన్న బోర్డు తప్ప ఏమీ లేదు, మైలేజ్ ఒక్క పాయింట్ కదల్లేదు. డీజిల్ పైపుకి కట్టే అయస్కాంతాలు కూడా అంతే. అమెరికాలో ఈపీఏ, అంటే పర్యావరణ సంస్థ వాళ్ళు ఇలాంటివి వందకి పైగా పరీక్షించారు, చాలావాటిలో ఏ లాభమూ కనపడలేదు. కష్టపడి సంపాదించిన డబ్బులు వీటికి పెట్టకండి, దయచేసి.

వెనక డోర్ దింపేసి నడిపితే గాలి తగలదు, మైలేజ్ వస్తుంది అని పికప్ వాళ్ళు ఎప్పటినుంచో చెప్పే మాట. అది నిజం కాదు. డోర్ మూసి ఉంటే తొట్టిలో గాలి సుడి తిరుగుతూ దుప్పటిలా నిలబడుతుంది, పైనుంచి వచ్చే గాలి దాని మీదుగా జారిపోతుంది, డోర్ తీస్తే ఆ సుడి చెదిరిపోతుంది. తొట్టికి కవర్ వేస్తే హైవే మీద కొంచెం ఉపయోగం, నాకైతే వాన నుంచి సామాను కాపాడటానికే ఎక్కువ పనికొచ్చింది. పైన క్యారియర్ మాత్రం తీసేశాను, తొట్టిలో మర్చిపోయిన రెండు ఇసుక బస్తాలు కూడా దింపేశాను.

ఇక మన కాలు. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లికి ఆరు లైన్ల రోడ్డు ఉంది కదా, 50 కిలోమీటర్లు, ఒక ఆదివారం అక్కడ ఒకసారి 105లో, ఒకసారి 80లో వెళ్ళాను. రెండుసార్లూ ఒకే దిశలో వెళ్ళాను, ఏసీ ఆన్‌లోనే ఉంది. ఇక్కడ మాత్రం పోల్చడానికే కాబట్టి మీటర్ యావరేజ్ చూశాను, 105లో 10.8, 80లో 14.1. స్పీడు 80 నుంచి 105కి పెంచితే గాలి ఆపే బలం దాదాపు 1.7 రెట్లు అవుతుంది, పికప్ ముందు భాగం గోడలా ఉంటుంది కాబట్టి ఇంకా గట్టిగా తగులుతుంది. మరి టైమ్ ఎంత మిగిలింది అంటే తొమ్మిది నిమిషాలు, అంతే.

సిటీలో అయితే 2000 ఆర్‌పీఎమ్ లోపే గేర్ మార్చేస్తున్నా, ఈ ఇంజిన్ ఫుల్ టార్క్ 2000 దగ్గరే మొదలవుతుంది, ఇంకా పైకి గుంజాల్సిన పనిలేదు. మద్దిలపాలెం సిగ్నల్ ఎర్రగా ఉందని దూరం నుంచే కనిపిస్తే అప్పుడే కాలు తీసేస్తా, గేర్‌లోనే ఉంచుతా. ఇది చాలా ముఖ్యం అండి, గేర్‌లో ఉండి కాలు తీస్తే ఇంజిన్‌కి డీజిల్ వెళ్ళడం ఆగిపోతుంది, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్ కొడితే ఐడిల్‌లో నడవడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. సింహాచలం కొండ దిగేటప్పుడు న్యూట్రల్ కొట్టి దింపేవాళ్ళని రోజూ చూస్తున్నాం, డీజిల్ మిగలదు, పైగా భారం అంతా బ్రేకుల మీద పడి వేడెక్కి పని చెయ్యడం మానేస్తే కింద జనం ఉంటారు, పిల్లలు ఉంటారు. రెండో గేరులోనో మూడో గేరులోనో దింపండి, దండం పెట్టి చెప్తున్నా.

ఫోర్ హై, అంటే నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళే మోడ్ గురించి కూడా ఒక మాట, వాన పడిందని తారు రోడ్డు మీద కూడా వేసుకుని మర్చిపోకండి, డీజిలూ పోతుంది గేర్ సిస్టమ్ మీద ఒత్తిడీ పడుతుంది, మట్టిలోనో ఇసుకలోనో జారుతున్నప్పుడు వేసి బయటికి రాగానే తీసెయ్యండి. బీఎస్6 బండికి డీపీఎఫ్, అంటే పొగలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పితే మసి పేరుకుంటుంది, ఆ మసిని కాల్చుకోవడానికి బండి అదనంగా డీజిల్ వాడుతుంది. వారానికోసారి అలా అనకాపల్లి దాకా వెళ్ళి రండి, మసి కాల్చుకుంటుంటే మాత్రం మధ్యలో ఇంజిన్ ఆపెయ్యకండి.

సరే, ఇప్పుడు మీ ముందే కొట్టిస్తున్నా. ట్రిప్ మీటర్ 498, కట్ అయింది చూడండి, 43.2 లీటర్లు. 498ని 1.016తో గుణిస్తే 506, 43.2తో భాగిస్తే 11.7. మూడు నెలల క్రితం ఇదే బంకులో మీటర్ మీద 412 కిలోమీటర్లకి 45.1 లీటర్లు పట్టింది, సరిచేస్తే 9.3. నెలకి 1500 కిలోమీటర్లు తిప్పుతాను కాబట్టి 33 లీటర్లు మిగులుతున్నాయి. వచ్చే వారం అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్తున్నాం, ఇంట్లోవాళ్ళు ఐదుగురం, సామానుతో, లోడ్ ప్రెషర్ పెట్టి. ఈ ఫుల్ ట్యాంక్ నుంచే లెక్క మొదలు, ట్రిప్ సున్నా చేశాను.