కేబుల్ బ్రిడ్జికి ముందు అలుగునూరే దిక్కు

హోస్ట్: నమస్తే. ఈరోజు మాట కరీంనగర్ కేబుల్ బ్రిడ్జి గురించి. మనతో ఉన్న అన్న ఏళ్ల తరబడి గ్రానైట్ లారీ నడిపారు. అన్నా, ఈ బ్రిడ్జి రాకముందు వరంగల్ ఎట్ల పోయేవాళ్లు?

అతిథి: ఎట్లేముంది తమ్మీ, అలుగునూరు బ్రిడ్జే దిక్కు. హైదరాబాద్ బండీ దాని మీదికే, వరంగల్ బండీ దాని మీదికే. మానేరు దాటినంక చౌరస్తాలో ఎడమకు తిప్పితే మానకొండూరు, హుజూరాబాద్ రోడ్డు. ఆ మలుపులోనే అసలు తిప్పలు. వెనక ఇంత బండ, దానికి గొలుసులు. బ్రేక్ గట్టిగా కొట్టొద్దు. సరిగ్గా అప్పుడే ఆటో అడ్డమొస్తది. టెన్షన్ కాదా మరి?

హోస్ట్: 2005లోనే కార్పొరేషన్ అయిన ఊరు కదా.

అతిథి: ఊరు పెరిగింది, ఏరు దాటే దారి పెరగలేదు.

హోస్ట్: ఈ బ్రిడ్జి పొడవు సుమారు 500 మీటర్లు. రెండు పెద్ద స్తంభాల నుంచి దిగిన తీగలే రోడ్డు బరువును మోస్తాయి. అందుకే నీళ్లలో పిల్లర్లు తక్కువ. ఎగువనే లోయర్ మానేరు డ్యాం ఉంది, 24 టీఎంసీలది. గేట్లు ఎత్తితే వరద ఇటే వస్తుంది.

అతిథి: అదొక్కటే కాదులే. మామూలు పిల్లర్ల బ్రిడ్జి కట్టినా బండ్లు పోతయి. ఇది ఊరికి సోకు కోసం కూడా కట్టిందే. తప్పేం లేదు.

హోస్ట్: 2021లోనే లోడ్ టెస్ట్ చేశారు. అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించింది మాత్రం 2023 జూన్ 21న.

అతిథి: బ్రిడ్జి నిలబడ్డది, ఎక్కే రోడ్డే లేదు! అప్రోచ్ రోడ్డుకు భూములు తీసుకోవద్దా? అక్కడే ఆలస్యం. అవతల సదాశివపల్లి దాకా రోడ్డు పడ్డంకనే వరంగల్‌కు సుమారు 7 కిలోమీటర్లు తగ్గింది.

హోస్ట్: ఇదే మానేరు మీద కింద ఓడేడు దగ్గర 2016లో మొదలుపెట్టిన బ్రిడ్జి ఇంకా పూర్తి కాకముందే, 2024 ఏప్రిల్‌లో గాలిదుమారానికి గడ్డర్లు పడిపోయాయి.

అతిథి: రాత్రిపూట పడ్డయి కాబట్టి సరిపోయింది. పట్నం బ్రిడ్జి అయితే పదిమంది అడుగుతరు. పల్లె బ్రిడ్జిని ఎవరడుగుతరు?

హోస్ట్: ఇప్పుడు మీరు ఎటు నుంచి పోతారు?

అతిథి: లారీ మానేసిన. బండి మీద మానకొండూరులో బిడ్డ ఇంటికి పోతే కేబుల్ బ్రిడ్జే. సాయంత్రం మాత్రం వద్దు. ఫోటోలు దిగేటోళ్లు హారన్ కొట్టినా జరగరు.