ధర్మాసనం అడిగిన ఒక్క ప్రశ్న

శ్రోతలకు నమస్కారం. సుప్రీంకోర్టులో వాదన అంటే సాక్షులను నిలదీయడం కాదు. సాక్ష్యాల పని కింది కోర్టుల్లోనే అయిపోతుంది. ఢిల్లీ దాకా వచ్చేవి కాగితాలు, వాటి మీద చట్టం ఏమంటుందన్న తగువు. జడ్జీలు ఆ కాగితాలు ముందే చదువుకుని వస్తారు. మరి అంతా కాగితం మీద ఉన్నప్పుడు నోటితో వాదించడం దేనికి? నన్నడిగితే, ప్రశ్న కోసం. ధర్మాసనం అడిగే ప్రశ్న కోసం.

కేసు విచారణకు తీసుకోవాలా వద్దా అన్నది సాధారణంగా ఇద్దరు ముగ్గురు జడ్జీలు కొద్ది నిమిషాల్లో తేల్చేస్తారు. రాజ్యాంగానికి అర్థం చెప్పాల్సిన పెద్ద ప్రశ్న వస్తే కనీసం ఐదుగురు కూర్చోవాలి. అమెరికా సుప్రీంకోర్టులో ఒక్కో పక్షానికి మామూలుగా అరగంటే ఇస్తారు. మన దగ్గర అంత బిగింపు లేదు. రాజ్యాంగాన్ని పార్లమెంటు ఎంతవరకు మార్చొచ్చో తేల్చిన కేశవానంద భారతి కేసులో పదముగ్గురు జడ్జీలు 68 రోజులు వాదనలు విన్నారు.

అయితే నేను ఈరోజు చెప్పాలనుకున్నది ఆ 68 రోజుల గురించి కాదు. ఒక్క ప్రశ్న గురించి.

1975 జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చింది. విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద వేలమందిని జైల్లో పెట్టారు. ఎందుకు పెట్టారో ప్రభుత్వం చెప్పక్కర్లేదు. వాళ్ల తరఫున హెబియస్ కార్పస్ పిటిషన్లు పడ్డాయి. మనిషిని కోర్టు ముందుకు తెచ్చి, ఏ అధికారంతో పట్టుకున్నారో చెప్పండని అడిగే పిటిషన్ అది. చాలా హైకోర్టులు వాటిని వింటామన్నాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకెక్కింది. జబల్‌పూర్ కేసు అని పేరుపడింది అదే. డిసెంబరులో వాదనలు మొదలయ్యాయి. ఖైదీల తరఫున శాంతిభూషణ్, తార్కుండే, సోలీ సొరాబ్జీ లాంటి వాళ్లు నిలబడ్డారు. ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ నిరేన్ డే. హక్కుల కోసం కోర్టుకెళ్లడాన్ని ఆపుతూ ఇచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఉన్నంతకాలం స్వేచ్ఛ పోయిందని కోర్టుకు వచ్చే హక్కు ఎవరికీ లేదన్నది ఆయన వాదన. చట్టం పుస్తకంలో చూస్తే అది పొందికగానే కనిపించే వాదన.

ఐదుగురు జడ్జీల్లో ఒకరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. ఆయన అడిగారు. రాజ్యాంగం కాపాడే హక్కుల్లో, 21వ అధికరణంలో స్వేచ్ఛ ఒక్కటే లేదు కదా, ప్రాణం కూడా ఉంది కదా. సొంత కక్షతో ఒక పోలీసు అధికారి ఒక మనిషిని చంపేస్తే, అప్పుడు కూడా కోర్టులో దారి లేదంటారా?

ఎమర్జెన్సీ ఉన్నంతకాలం దారి లేదని నిరేన్ డే ఒప్పుకున్నారు. ఇది నా మనస్సాక్షికీ బాధ కలిగించేదే, అయినా చట్టం అంతే అన్నారు.

ఆ జవాబు విన్నాక ఇంకేం మిగిలింది చెప్పండి? ప్రభుత్వ వాదన ఎక్కడిదాకా పోతుందో ఆ హాల్లో అందరికీ తెలిసిపోయింది. వందల పేజీల రాతలో దాక్కున్నది ఒక్క ప్రశ్నతో బయటపడింది. నోటి వాదన ఉండాల్సింది ఇందుకే అని నేను గట్టిగా నమ్ముతాను.

అయినా 1976 ఏప్రిల్ 28న తీర్పు ప్రభుత్వం వైపే వచ్చింది, నలుగురు ఒకవైపు, ఖన్నా ఒక్కరూ ఒకవైపు. మరుసటి ఏడాది జనవరిలో ఆయన్ని దాటేసి జూనియర్‌ని చీఫ్ జస్టిస్‌ని చేశారు. ఖన్నా రాజీనామా చేశారు. తర్వాత 44వ రాజ్యాంగ సవరణతో, ఎమర్జెన్సీలో కూడా 21వ అధికరణం జోలికి పోకూడదని రాసుకున్నాం. 2017లో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత మీద వచ్చిన పుట్టస్వామి కేసులో ఆ పాత తీర్పును కొట్టేసింది. ఖన్నా కూర్చున్న రెండో నంబరు కోర్టులో ఇప్పుడు ఆయన చిత్రపటం ఉంది.

ఆ రోజు కోర్టు హాల్లో ఉన్నవాళ్లే ఆ ప్రశ్న, ఆ జవాబు విన్నారు. ఇప్పుడు అలా కాదు. 2022 సెప్టెంబరు 27 నుంచి రాజ్యాంగ ధర్మాసనాల వాదనలు ప్రత్యక్ష ప్రసారమవుతున్నాయి. ఫోన్ ఉంటే చాలు, మన ఊళ్లో కూర్చుని వినొచ్చు. ఇంగ్లీషులోనే సాగుతాయి, అది మనలో చాలామందికి నిజంగా కష్టమే. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

ఒక్క మాట చెప్తాను. మొదట్లో విసుగొస్తుంది. పేజీ నంబర్లు, పేరా నంబర్లు, పాత తీర్పుల పేర్లు. కట్టేయకండి. కాసేపటికి ఎవరో ఒక జడ్జి మధ్యలో ఆపి, "మీరన్నట్టే అనుకుందాం, మరి ఇలా జరిగితే ఏమిటి గతి?" అని అడుగుతారు. అక్కడ చెవులు రిక్కించండి. లాయరు సూటిగా జవాబిస్తున్నారా, లేక ఆ విషయానికి తర్వాత వస్తానంటున్నారా? తర్వాత వస్తానంటే, ఆ ప్రశ్న ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి. సాయంత్రం కోర్టు లేచేలోగా నిజంగా వచ్చారో లేదో చూడండి.