అమెరికా రెసిడెన్సీ: పుస్తకం కంటే ముందు పాస్‌పోర్ట్ తీయండి

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం రిమ్స్, రాగోలు జెమ్స్, నెల్లిమర్ల మిమ్స్‌లో ఎంబీబీఎస్ చదువుతూ అమెరికా రెసిడెన్సీ (అక్కడి ఆసుపత్రిలో స్పెషాలిటీ శిక్షణ) మీద మనసున్నవాళ్ల కోసం ఈ వీడియో. ఏ క్వశ్చన్ బ్యాంక్ మంచిదో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. మనం కాగితాల సంగతి చూద్దాం. బాగా చదివినవాళ్లు కూడా చిక్కుకునేది ఇక్కడే.

మీ పాస్‌పోర్ట్, టెన్త్ మెమో పక్కపక్కన పెట్టండి. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది. కొందరికైతే పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ, పేరంతా గివెన్ నేమ్‌లోనే. అలా ఉంటే అమెరికా వీసా మీద మీ పేరు మొత్తం సర్‌నేమ్ అయిపోయి, గివెన్ నేమ్ చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ విశాఖ పాస్‌పోర్ట్ ఆఫీసు కిందకే వస్తాయి. రీఇష్యూకి ఇప్పుడే పెట్టేయండి.

తర్వాతే ఈసీఎఫ్ఎంజీ ఖాతా. విదేశాల్లో చదివిన డాక్టర్ల డిగ్రీ పరిశీలించి, అమెరికా రెసిడెన్సీకి అర్హత పత్రం ఇచ్చే సంస్థ అది. ఆ ఖాతాలో పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరే, ఉన్నది ఉన్నట్టు రాయాలి. పరీక్ష పర్మిట్ మీద పేరు పాస్‌పోర్ట్‌తో కలవకపోతే పరీక్ష జరిపే ప్రోమెట్రిక్ సెంటర్లో లోపలికి పంపరు. డిగ్రీ మీద పేరు వేరుగా ఉంటే, రెండూ మీవేనని చూపే పత్రం అడుగుతారు. ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ, అచ్చు కాకముందే యూనివర్సిటీ రికార్డులో సరిచేయించుకుంటే ఆ తలనొప్పి ఉండదు. ప్రొవిజనల్ సర్టిఫికెట్ పంపితే సరిపోదు, ఓడీయే కావాలి.

ఇంకో మెలిక. మన హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కి మారింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. మార్కుల మెమోల మీద ఒక పేరు, ఓడీ మీద ఇంకో పేరు ఉంటే కంగారు పడకండి, మీరు దిద్దాల్సింది ఏమీ లేదు. దరఖాస్తులో మాత్రం యూనివర్సిటీని కాదు, కాలేజీని ఎంచుకోవాలి. మనం రిమ్స్ అనేస్తాం గానీ ప్రపంచ మెడికల్ కాలేజీల జాబితా అయిన వరల్డ్ డైరెక్టరీలో ఏ పేరుతో ఉందో వెతకండి. ఆ పేజీలోనే స్పాన్సర్ నోట్స్ తెరిచి, ఈసీఎఫ్ఎంజీ అర్హత మీ పాసవుట్ సంవత్సరానికి వర్తిస్తుందో లేదో చూసుకోండి.

పరీక్షలు మూడు. మొదటి రెండూ అమెరికా డాక్టర్ లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈలో మెట్లు. స్టెప్ 1కి 2022 జనవరి నుంచి మార్కుల్లేవు, పాస్ లేదా ఫెయిల్ అంతే. అందుకే బరువంతా స్టెప్ 2 సీకే (క్లినికల్ నాలెడ్జ్) మీద పడింది. దాని పాస్ మార్కు 218. ఆ అంచున పాసైతే ఇంటర్వ్యూలు రావడం కష్టం. ఒక్కో స్టెప్‌కి నాలుగే ప్రయత్నాలు, ఫెయిలైనది రికార్డులో ఉండిపోతుంది. తయారవకుండా కూర్చోవడం కంటే తేదీ మార్చుకోవడమే నయం. సెంటర్ హైదరాబాద్‌లో తీసుకుంటే ఆమదాలవలసలో రాత్రి రైలెక్కి, పొద్దున్న దిగి నేరుగా పరీక్షకి వెళ్లాలనుకోకండి. రైలు మూడు గంటలు లేటైతే పరీక్ష పోయినట్టే. స్టెప్ 2 తొమ్మిది గంటల పరీక్ష, ముందు రోజు నిద్ర కావాలి.

మూడోది ఓఈటీ, వైద్యరంగంలో వాళ్ల ఇంగ్లిష్ పరీక్ష. లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లో 350, రైటింగ్‌లో 300 రావాలి, అదీ ఒకే సిట్టింగ్‌లో. మనవాళ్లు దెబ్బతినేది రైటింగ్‌లో. కేస్ నోట్స్‌లో ఉన్నదంతా ఎత్తి రాసేస్తారు. ఆ నోట్స్ చూసి రాసే ఉత్తరం సుమారు 180 నుంచి 200 పదాలే ఉండాలి. చదివే డాక్టరుకి ఏం కావాలో అదే రాయాలి, పదేళ్ల కిందటి అపెండిక్స్ ఆపరేషన్ అక్కర్లేదు.

ఇక క్యాలెండర్. రెసిడెన్సీకి ఆన్‌లైన్‌లో పెట్టే ఈరాస్ దరఖాస్తులు సెప్టెంబర్‌లో వెళ్తాయి, ఇంటర్వ్యూలు జనవరి దాకా, మ్యాచ్ (ఎవరికి ఏ ప్రోగ్రామ్ అని తేల్చే సీట్ల కేటాయింపు) ఫలితం మార్చిలో, డ్యూటీ జూలైలో. స్కోరు రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది కాబట్టి స్టెప్ 2 జూలైకల్లా అయిపోవాలి. ఒక్కో ప్రోగ్రామ్‌కి నాలుగు సిఫార్సు లేఖల దాకా పెట్టొచ్చు. వాటిలో రెండైనా అమెరికాలో మీ పని చూసిన డాక్టర్లవి ఉండాలి. అక్కడి ఆసుపత్రిలో స్వయంగా పేషెంట్లని చూసే ఎలెక్టివ్ అవకాశం విద్యార్థిగా ఉండగానే. డిగ్రీ వచ్చాక ఎక్కువగా మిగిలేది అబ్జర్వర్‌షిప్, అక్కడ పేషెంట్‌ని ముట్టుకోనివ్వరు.

వీసా ఎక్కువమందికి జే-1, అంటే శిక్షణకి వెళ్లేవాళ్ల వీసా. దీనికి ఢిల్లీలోని కేంద్ర ఆరోగ్య శాఖ నుంచి స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ అనే లేఖ తెచ్చుకోవాలి, శిక్షణ అయ్యాక రెండేళ్లు ఇండియాలో ఉండాలనే షరతూ ఉంటుంది. ఉద్యోగ వీసా హెచ్-1బీ కావాలంటే స్టెప్ 3 కూడా పాసవ్వాలి. మ్యాచ్ వచ్చాక జూలైకి మిగిలేది మూడున్నర నెలలే కాబట్టి, ఫలితం వచ్చిన వారంలోనే ఢిల్లీ దరఖాస్తు మొదలెట్టండి. ఆ స్టేట్‌మెంట్ లేఖలో స్పెషాలిటీ పేరు మీ కాంట్రాక్టులో ఉన్నట్టే ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూడండి.