కొండను గురుతు పెట్టుకుని

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నా చేతిలో ఉన్నది 1986 కార్తీకంలో తీసిన నలుపు తెలుపు ఫొటో. విశాఖపట్నం దగ్గర ఆనందపురం అవతల మా అమ్మమ్మగారి ఊరు. ఎరువు తెచ్చుకున్న కెమెరా, అందుకే కొంచెం వంకర. ముందు చోడి చేను, అంటే రాగి చేను, కంకులు పిడికిళ్లు బిగించినట్టున్నాయి. మధ్యలో గెడ్డ, అంటే వాగు, గట్టు మీద తాడిచెట్లు, వెనక జంట శిఖరాల కొండ. మొన్న కార్తీకంలో మళ్లీ వెళ్లి, సరిగ్గా అదే చోట నిలబడి ఇంకో ఫొటో తీద్దామనుకున్నాను.

ఆ చోటు దొరకడమే కష్టమైంది. తాడిచెట్లు లేవు, గట్టు లేదు. ఫోన్లో మ్యాపు ఊరిదాకా తీసుకెళ్లి చేతులెత్తేసింది. చివరికి కొండే కాపాడింది. పాత ఫొటోలో రెండు శిఖరాల సందులో రామాలయం శిఖరం కనబడుతుంది. నాలుగడుగులు పక్కకి వేస్తే అది సందులోంచి తప్పుకుంటుంది. అలా అటూ ఇటూ జరుగుతుంటే ఒకాయన వచ్చి, "ఏటి బాబూ, పలాటు సూస్తన్నారేటి?" అన్నాడు.

ఆయన తప్పేం లేదు. నేను నిలబడింది లేఅవుట్ రాళ్ల మధ్యనే.

అయితే చోడి చేను రాత్రికి రాత్రి ప్లాట్లయిపోలేదు. మధ్యలో సరుగుడు తోట వచ్చింది. కుర్రాళ్లు గాజువాక వైపు పనులకి పోయారు, కలుపు తీసేవాళ్లు లేరు. సరుగుడైతే నాటి వదిలేస్తే నాలుగైదేళ్లకి ఒకేసారి కొట్టి అమ్ముకోవచ్చు. మనిషి రోజూ వెళ్లక్కర్లేని భూమి అది. రోజూ వెళ్లని భూమిని అమ్మడానికి మనసు పెద్దగా అడ్డుపడదని నాకనిపిస్తుంది.

ఇప్పుడు మీకు నచ్చని మాటొకటి. పాత ఫొటోలో కొండ బోడిగా ఉంది! ఇప్పుడే పచ్చగా ఉంది. అప్పట్లో ఊరంతా వంటచెరకు ఆ కొండదే, మా అమ్మమ్మ కూడా మోపులు మోసింది. గ్యాసు బండలు వచ్చాక కొండకి ఊపిరాడింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చాలా చెట్లు కూల్చినా మళ్లీ చిగిర్చాయి. గెడ్డ మాత్రం సిమెంటు తూములో దూరింది. వానొస్తే రోడ్డెక్కుతోంది.

పేర్ల సంగతి చెప్పక్కర్లేదు. పోతినమల్లయ్యపాలెం పీఎం పాలెం అయింది. 2005లో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టింది అక్కడి స్టేడియంలోనే. మా మనవడు పీఎం పాలెం అంటే ప్రధానమంత్రి పాలెం అనుకుంటున్నాడు. అదే ఏడాది గాజువాకతో పాటు 32 ఊళ్లని కలిపి మహా విశాఖ చేశారు. వాటిలో ఎన్నింటి పేర్లు ఇప్పుడు బస్టాపుల మీదే మిగిలాయో!

ఇందాకటి పెద్దాయన ఫొటో అడిగి తీసుకున్నాడు. ఆ చేను ఆయనదేనట. చేను చూడలేదు, కొండ చూడలేదు. గట్టు పక్కన నేను ఇన్నేళ్లూ మరక అనుకున్నదాని మీద వేలు పెట్టి, "ఇది మా ఎర్రెద్దు" అన్నాడు. నలుపు తెలుపు ఫొటోలో ఎరుపు ఆయనకొక్కడికే కనబడింది.

అసలు ఫొటో ఆయన దగ్గరే ఉంచేశాను. ఇప్పుడు మీ వరసల్లోకి పంపిస్తున్నది జిరాక్సు. మరక కోసం ఎడమవైపు, కింద చూడండి.