తాగి బండి నడిపినవాళ్లకు ఏ శిక్ష న్యాయం?

అందరికీ నమస్కారం.

తాగి బండి నడిపేవాళ్లను వార్తల్లో చాలాసార్లు ‘మందుబాబులు’ అని రాస్తారు. ఆ మాట వింటే నవ్వొస్తుంది, అందుకే నాకది నచ్చదు. ప్రాణం పోయిన ఇంట్లో నిలబడి ఆ మాట అనలేం. అలాగని దొరికిన ప్రతివాణ్నీ హంతకుడు అనేసి ఊరుకున్నా పని జరగదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ‘వాణ్ని జన్మంతా జైల్లో పెట్టండి’ అంటే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ చట్టం రాసేవాళ్లు, తీర్పు చెప్పేవాళ్లు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఏం చేస్తే ఈ మనిషి మళ్లీ తాగి స్టీరింగ్ పట్టుకోడు?

శిక్ష పెంచితే చాలని చాలామంది అంటారు. 1967లో బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 80 మిల్లీగ్రాములు దాటితే నేరమన్నారు. పోలీసులు రోడ్డు మీదే ఊదించి చూడొచ్చన్నారు. జనానికి దొరికిపోతామన్న భయం పట్టుకుంది, మొదట్లో ప్రమాదాలు బాగా తగ్గాయి. కొన్నేళ్లు గడిచేసరికి పట్టుబడేది తక్కువమందేనని అందరికీ తెలిసిపోయింది. భయంతో పాటు ఆ ఫలితమూ కరిగిపోయింది. చట్టం మాత్రం అలాగే ఉంది. తాళం చేతిలో ఉన్న మనిషి ఆరు నెలల జైలు పడుతుందా, రెండేళ్లు పడుతుందా అని లెక్కవేయడు. ‘ఈ కాస్త దూరానికి ఏమవుతుందిలే’ అనుకుంటాడు. ఆ ‘ఏమవుతుందిలే’ని పోగొట్టాలి. అందుకు శిక్ష చిన్నదైనా తప్పకుండా పడాలి, వెంటనే పడాలి.

అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో 2005లో ఇదే పద్ధతి మొదలుపెట్టారు. పదే పదే దొరికినవాళ్లు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి బ్రీత్ ఎనలైజర్‌లో ఊదాలి. తాగినట్టు తేలితే అప్పటికప్పుడే లోపలేస్తారు, అదీ ఒకట్రెండు రోజులే. ఈ పద్ధతి పెట్టిన కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) తాగి నడుపుతూ మళ్లీ అరెస్టయ్యేవాళ్లు 12 శాతం తగ్గారని 2013లో ఒక అధ్యయనం తేల్చింది. గృహహింస అరెస్టులు కూడా 9 శాతం తగ్గాయి. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ రెండో అంకె. రోడ్డు కోసం పెట్టిన నియమం ఇంట్లో దెబ్బలు తినే మనుషులకు కూడా కాస్త ఊపిరి ఇచ్చింది. తాగుడు రోడ్డు మీద మొదలవదు కదా.

దొరికినవాళ్లంతా ఒకటి కాదు. ఒకడు విందుకెళ్లి తాగి, రెండు గంటలాగి, కాఫీ తాగి, దిగిపోయిందనుకుని బయల్దేరతాడు. శరీరం గంటకు వంద మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే ఆల్కహాల్‌ని వదిలించుకుంటుందని, కాఫీతో గానీ చన్నీళ్ల స్నానంతో గానీ అది వేగంగా దిగదని అతనికి ఎవరూ చెప్పలేదు. ఇలాంటివాళ్లకు క్లాసు పనిచేస్తుంది. బ్రిటన్‌లో కోర్టు అనుమతిచ్చిన శిక్షణ పూర్తిచేస్తే డ్రైవింగ్ నిషేధంలో నాలుగో వంతు దాకా తగ్గిస్తారు.

ఇంకొకడు రోజూ తాగేవాడు. జర్మనీలో రక్తంలో వెయ్యికి 1.6 పాళ్లు, లేదా అంతకు మించి ఆల్కహాల్‌తో దొరికితే మానసిక, వైద్య పరీక్ష నెగ్గాకే మళ్లీ లైసెన్స్ ఇస్తారు. అంత మద్యం ఒంట్లో ఉండి కూడా బండి నడిపాడంటే ఆ ఒళ్లు తాగుడుకు బాగా అలవాటుపడిందని అర్థం. అతనికి జరిమానా వేసి ఇంటికి పంపడమంటే జబ్బును రసీదుతో పంపేయడమే.

జరిమానా సంగతి కూడా చెప్పాలి. ఒకే మొత్తం ఒకరికి నెల జీతం, ఇంకొకరికి లెక్కలోకే రాదు. ఫిన్లాండ్‌లో 1921 నుంచి ఆదాయాన్ని బట్టి జరిమానా వేస్తున్నారు. న్యాయమంటే నాకు అలాంటిదే అనిపిస్తుంది.

లైసెన్స్ రద్దు చేస్తే డ్రైవింగే జీవనాధారమైన ఇంట్లో అందరికీ శిక్ష పడుతుంది. ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ అనే పరికరం అందుకే ఉంది. దాన్లో ఊదాలి, శ్వాసలో మద్యం ఉంటే బండి స్టార్ట్ కాదు. అది ఉన్నన్నాళ్లూ మళ్లీ తప్పు చేయడం బాగా తగ్గుతుంది. తీసేశాక ఆ ఫలితం నిలవడం కష్టం. అందుకే ఫలానా తేదీ వచ్చిందని తీసేయకూడదు. చివరి కొన్ని నెలలూ ఒక్కసారి కూడా ఆ పరికరం బండిని ఆపకపోతేనే తీయాలి. ఆ నెలల్లో చికిత్స, కౌన్సెలింగ్ కూడా నడుస్తుండాలి.

ప్రాణం పోయిన కేసులో జైలు ఉండాల్సిందే. చికిత్స ఆ శిక్షకు బదులు కాదు, శిక్షతో పాటు జైల్లోనే మొదలవాలి. తాగుడు అలాగే ఉంచి గేటు తీయడం ఆ చనిపోయిన మనిషికి కూడా అన్యాయమే. ఇంకోటి, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అతను చికిత్సకు వెళ్తున్నాడా, ఎప్పుడు విడుదలవుతాడు, లైసెన్స్ ఎప్పుడు తిరిగొస్తుంది అన్నది బాధిత కుటుంబం తెలుసుకోవాలనుకుంటే ముందే చెప్పాలి. అతను మళ్లీ బండి నడుపుతున్నాడన్న సంగతి ఆ తల్లికి ఏ సిగ్నల్ దగ్గరో ఎదురుపడి తెలియకూడదు.